వరసలో ఎడమ చెప్పు

అది పడిపోలేదు, గాలికి కాస్త పక్కకు తిరిగింది అంతే, నీలం పట్టీ ఎడమకాలి చెప్పు, వరసలో నాలుగోది, దాని ముందు మూడు, వెనక తొమ్మిది, మొత్తం పదమూడు చెప్పులు గేటు దగ్గర్నుంచి పనసచెట్టు మొదలు దాకా బుద్ధిగా ముక్కులు గేటువైపు పెట్టుకుని కూర్చున్నాయి, లోపల ఆడవాళ్ళ హాల్లో ఉన్నవి పదే మంచాలు, అంటే ముగ్గురికి ఈ రాత్రి చూరు లేదు, అయితే ఆ ముగ్గురిలో తాతమ్మప్ప, తోడబుట్టకపోయినా అక్కే, ఉండదు, ఉండదంటే ఉండదు, అనుకుంటూ బుల్లెమ్మ వంగి ఆ చెప్పు ముక్కును వేలితో సరిచేసింది, సరిచేసి ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూసింది, పక్కవాళ్ళ చెప్పు ముట్టుకోకూడదన్నది వరస కట్టుబాటు, ఆ కట్టుబాటు పెట్టింది కూడా తాతమ్మప్పే, ఆవిడ చెప్పునే ముట్టుకుని ఆవిడ మాటే తప్పానని నవ్వొచ్చింది, నాలుగున్నరైపోతోంది, ఐదింటికి గేటు తీస్తారు, నలభై రోజుల తరవాత ఆసుపత్రి నుంచి అప్ప వస్తోంది, ఆటో ఇంకా రాలేదు, జంగ్లీఘాట్ వైపు ఆకాశం నల్లబడిపోయింది, రానీ, వాన రానీ, తుఫాను రానీ, అప్ప వచ్చేస్తోంది, ఆవిడ నీలం చెప్పు వెనకే తన ఎర్ర పట్టీ చెప్పు ఐదో నంబరుగా కాపలా ఉంది.

కొత్తవాళ్ళకి ఈ చెప్పుల సంగతి వింతే, పొద్దున మాయాబందర్ బోటు రద్దయి చిక్కుకుపోయిన ముగ్గురు ఆడవాళ్ళు కూడా మొదట ఎవరో పారేసిన చెప్పులనుకున్నారు, మరుక్షణం ఒకామె అరే, షిప్ టికెట్ లైన్‌లాగే కదా అని తన చెప్పు విప్పి చివర పెట్టేసింది, దీవుల్లో పుట్టినవాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు, ఓడ టికెట్టు కౌంటరు దగ్గర తెల్లారకముందే చెప్పో రాయో సంచో పెట్టి చాయ్ తాగి రావడం అందరికీ అలవాటే, ఈ బసేరాలో మాత్రం, అంటే ఇల్లులేనివాళ్ళకని పెట్టిన ఈ షెల్టరులో, మూడేళ్ళ కిందట బుల్లెమ్మ కొత్తగా వచ్చిన రోజుల్లో ఆ మర్యాద లేదు, గేటు తీస్తే చాలు తోపులాట, మోచేతుల్లో బలమున్నవాళ్ళకి మంచం, లేనివాళ్ళకి బస్టాండు, ఆ తోపులాటలో తాతమ్మ ఒకరోజు పడింది, మాయాబందర్ జెట్టీ మీద ఇరవై ఏళ్ళు ఇడ్లీలమ్మి ఓడల్లో పనిచేసే లస్కర్లనీ పోలీసుల్నీ కూడా వరసలో నిలబెట్టిన మనిషి, లేచి చీర దులుపుకుని, ఏటర్రా ఇది, ఓడెక్కడానికి చెప్పెడతారు, పడుకోడానికి కొట్టుకుంటారా, రేపట్నుంచి మజ్జానం పన్నెండుకి చెప్పెట్టండి, ఒక చెప్పు వరసలో, రెండోది కాలికి, గేటు కాడ జోడీ కుదిరితేనే నంబరు మీది, లేకపోతే కాదు, అంది, ఆ మర్నాడు ఎవరూ వినరనే అనుకుంది బుల్లెమ్మ, విన్నారు, అందరూ ఒంటిచెప్పుతో ఊరంతా తిరిగి సాయంత్రం వచ్చి తమ తమ చెప్పు వెనక నిలబడ్డారు, కేర్‌టేకరు మణికుమార్ కూడా గేటు తీసి ఆ వరస చూసి లోపలికెళ్ళి రిజిస్టరు తెచ్చుకున్నాడు.

అసలు ఎడమ చెప్పు దక్కిందే అదృష్టం, నలభై రోజుల కిందట అప్పని ఆసుపత్రికి తీసుకెళ్ళినప్పుడు ఎడమకాలికి కట్టుంది, సముద్రం ఒడ్డున గుల్ల కోసుకున్న చిన్న గాటు, షుగరు ఒంటిలో అది చిన్నగా ఉండిపోలేదు, కట్టున్న కాలికి చెప్పు పట్టక కుడిదొక్కటే తొడుక్కుని ఆటో ఎక్కింది, ఎడమది మంచం కింద ఉండిపోయింది, మూడు రాత్రులు రాకపోతే మంచం పోతుందన్నది బసేరా గోడ మీది బోర్డులో రెండో రూలు, నాలుగో రోజు పొద్దున మణికుమార్ అప్ప మూటని గోనెలో వేస్తుంటే, బుల్లెమ్మ ఆ చెప్పుని చీర కుచ్చెళ్ళలో దోపుకుని బయటకొచ్చేసింది, ఎందుకు తెచ్చిందో ఆవేళ తనకీ తెలియదు, రాత్రిళ్ళు తలగడ కింద పెట్టుకుని పడుకుంది, చేపలు కోసే చేతులకి చెప్పు వాసనొక లెక్కా, పదో రోజున ఆసుపత్రికెళ్తే మోకాలి కింద దుప్పటి చదునుగా ఉంది, చూసి బుల్లెమ్మ వరండాలోకి పరిగెత్తి గోడకి తల ఆనించి ఏడ్చింది, తిరిగొచ్చి తలగడ కిందనున్న చెప్పుని చూసి, ఇంక దీనికి పనేముంది అనుకుంది, పారెయ్యలేకపోయింది, ఇదిగో ఇవాళ పన్నెండింటికి దానికి పని దొరికింది. దాన్ని వరసలో పెడుతుంటే వెనకున్న బేబీరాణి, ఛీ ఛీ, లేని కాలి చెప్పు పెట్టకే బుల్లెమ్మా, అపశకునం, అంది, నీ నోరే అపశకునం అని బుల్లెమ్మ అనేసి చెప్పుని మూడోదాని వెనక పెట్టేసింది.

నాలుగూ ముప్పై ఐదు, బేబీరాణి సెల్‌ఫోనులో చూసి అందరికీ వినపడేలా చెబుతోంది, ఆటో మల్లేశుకి గట్టిగా చెప్పింది బుల్లెమ్మ, నాలుగింటికల్లా వెళ్ళి వార్డు ముందు నిలబడు, కాగితం చేతికిచ్చిన క్షణం ఎక్కించుకో, ముందు గేటుకి రాకు, సందులోంచి వంటింటి వైపు రా అని, వంటింటి వైపు, ఆ మాట తలుచుకుంటే ఒళ్ళంతా పులకరించిపోతోంది బుల్లెమ్మకి, ఎంత పని సాధించింది, ఎవరు చేయగలరు, దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు, తను పూజారి చేతే ఇప్పించింది, ఎందుకంటే అసలు అడ్డం బోర్డు మీది నాలుగో రూలు, బుల్లెమ్మకి చదువు రాదు, అప్ప చదివి చదివి వినిపిస్తే పదకొండు రూళ్ళూ నోటికొచ్చేశాయి, సొంతంగా నడిచి తమ పనులు తాము చేసుకోగలిగినవారికే ప్రవేశం, అదీ నాలుగోది, ఒంటికాలి మనిషిని గేటు దగ్గరే తిప్పి పంపేస్తారని నెల రోజులుగా ఆ రూలే పగలూ రాత్రీ వల్లించుకుంటోంది, వృద్ధాశ్రమంలో ఖాళీ లేదన్నారు, ఆసుపత్రిలో మంచం ఇవాళే ఖాళీ చెయ్యాలన్నారు, అటూ ఇటూ కాకపోతే అప్ప ఎక్కడ పడుకుంటుంది, బస్టాండు సిమెంటు మీదా, మానని కాలితోనా, అందుకే మూడున్నరకి మణికుమార్ గేటు లోపల మొక్కలకి నీళ్ళు పోస్తుంటే ఊచల్లోంచి చేతులు పెట్టి కాళ్ళు పట్టేసుకుంది.

అరే మౌసీ, ఉఠో, లే లే, ఏంటిది, అని వాడు గెంతాడు, పాపం కుర్రాడు చెడ్డవాడేం కాదు, ముప్పై ఐదేళ్ళుంటాయి, కొడుకు వయసు, అయినా మూడేళ్ళుగా రోజూ సాయంత్రం బుల్లెమ్మ రెండు చేతులూ ఎత్తి దండం బాబూ అని నెత్తి దించుకునే లోపలికి వెళుతుంది, పుల్లుగా తాగొచ్చారేమోనని వాడు ఒక్కొక్కరి నోటి దగ్గర ముక్కు పెట్టి చూస్తాడు, అది మూడో రూలు, బుల్లెమ్మ దగ్గరకొచ్చేసరికి మాత్రం ఊపిరి బిగబట్టి తల తిప్పేస్తాడు, కోకారీ, సుర్మై చేపలు, రొయ్య పొట్టు, అన్నీ కలిసిన వాసన మరి, మూడు రోజులకోసారి వచ్చే కుళాయి నీళ్ళతో ఎంత తోమినా పోదు, ఆ తల తిప్పడం చూసినప్పుడల్లా చచ్చిపోవాలనిపిస్తుంది, అయినా మంచం ఇస్తున్నాడు కదా, పుణ్యాత్ముడు, అని దండం ఇంకొంచెం పైకెత్తుతుంది. రూల్ అంటే రూల్ మౌసీ, రేపు పైనుంచి మేడమ్ ఇన్‌స్పెక్షన్‌కి వస్తున్నారు, నా నౌకరీ పోతుంది, అన్నాడు, అయినా వదల్లేదు, నీ కడుపున పుడతాను బాబూ, నీ చెప్పుల్లో కాలెట్టి నడుస్తాను, నోటికొచ్చినవన్నీ అనేసింది, చివరికి వాడు అటూ ఇటూ చూసి, ఠీక్ హై, గేటు తియ్యకముందు కిచెన్ తలుపు దగ్గరకి తెచ్చెయ్, కాలు కనపడకుండా చీర కప్పు, నేను చూడలేదు, నాకు తెలీదు, రేపు మేడమ్ ఉన్నంతసేపూ స్టోర్‌రూమ్‌లో కూర్చోబెట్టు, అన్నాడు, బుల్లెమ్మకి ఆ మాటలు అమృతంలా వినిపించాయి, వెనక తలుపైతేనేం, తలుపు తెరుచుకుంది.

వెనక తలుపు, చౌల్దారీలో తమ్ముడి కూతురు సుమ ఇంట్లో కూడా వెనక తలుపే, ఎందుకిప్పుడు అది గుర్తొస్తోంది, పెనిమిటి పెదబాబు పోయి ప్రోతరాపూర్‌లో అద్దెగది పోయాక ఆ పిల్ల వచ్చి అత్తా మా ఇంటికి రా అని తీసుకెళ్ళింది, మంచి పిల్లే, దాని అత్తగారూ మంచిదే, ఆ ఇంట్లో రూళ్ళ బోర్డేం లేదు, అన్నీ కళ్ళతోనే చెప్పేవారు, ముందుగదిలో కూర్చుంటే ఒక చూపు, రెండోసారి కూర వడ్డించుకుంటే ఒక చూపు, చుట్టాలొస్తే సుమ మెల్లగా వచ్చి అత్తా, కాసేపు వెనకాల పోకచెట్ల దగ్గర కూర్చోవా అనేది, కాసేపంటే ఎంతసేపో ఎవరూ చెప్పేవారు కాదు, వాళ్ళ నవ్వులు వినపడుతుంటే తను కోళ్ళతోపాటు కూర్చుని దోమలు కొట్టుకునేది, ఒకరోజు ఆ వెనక తలుపులోంచే సంచి పట్టుకుని బస్సెక్కేసింది, బసేరా గోడ మీద బోర్డు మొదటిసారి చూసి ఇవేంటని అడిగితే తాతమ్మప్ప చదివింది, ఇది చెయ్యాలి, ఇది చెయ్యకూడదు, ఇన్నింటికి రావాలి, ఇన్నింటికి పోవాలి, ఇంకొకరి మంచం మీద కూర్చోకూడదు, వింటూ వింటూ బుల్లెమ్మకి ఎందుకో ప్రాణం హాయిగా అనిపించింది, అమ్మయ్య, ఇక్కడ చూపులు లెక్కపెట్టుకోనక్కర్లేదు అనుకుంది, పొద్దున ఆరింటికి వానలో గెంటేసినా అందర్నీ గెంటేస్తారు, తననొక్కదాన్నే కాదు, మరి స్టోర్‌రూమ్, స్టోర్‌రూమ్ అన్నాడు కదా, మేడమ్ ఉన్నంతసేపూ, అంటే ఎంతసేపు, పోనీలే, ఇప్పుడదంతా దేనికి, వచ్చేస్తోంది అప్ప, ముందు లోపలికి రానీ.

మొదటి చినుకు చెయ్యి మీద పడింది, రెండోది ఎర్ర చెప్పు మీద పడింది, ఎవరి చెప్పుల వెనక వాళ్ళు వచ్చి నిలబడుతున్నారు, నాలుగో చెప్పు వెనక మాత్రం ఖాళీ, ఆ ఖాళీని చూసి బేబీరాణి గొంతు మొదలెట్టింది, గేటు తీసే టయానికి మనిషి లేకపోతే చెప్పు తీసి చివర పెట్టాలి, రూల్ ఎవరు పెట్టారో తెలుసు కదా, మీ అప్పే, అంది, ఆవిడ నంబరు ఆరు, పదిలోపే, మంచం ఖాయమే, అయినా వదలదు, వరసంటే దానికి ప్రాణం, తెలుసు, అయినా కోపం వచ్చింది బుల్లెమ్మకి, వస్తాదే, నీకేటి బాధ, అంది, మధ్యాహ్నం ఒంటిగంటకి ఆసుపత్రిలో తాతమ్మప్ప మొదట అడిగింది కూడా అదే, ఓలే బుల్లీ, వరస నడుస్తోందా, ఎవులూ గొడవెట్టడం లేదు కదా, పిల్ల ఎలా ఉందని అడిగినట్టు అడిగింది, నీ ఎడమ చెప్పు నా కాడే ఉందప్పా, నాలుగో నంబరెట్టినాను, అని చెప్పి, చెప్పిన వెంటనే నాలుక కరుచుకుంది, ఏమనుకుంటుందోనని, తాతమ్మ దుప్పటి వంక చూసి, ఇన్నాళ్ళూ నీ మీద ఉత్తినే ఒంటికాలి మీద లేచేదాన్ని, ఇప్పుడిక నిజంగానే లేస్తాను కాస్కో, అని పకపకా నవ్వింది, పక్క మంచాలవాళ్ళు కూడా తిరిగి చూశారు, బుల్లెమ్మ నవ్వలేక ఏడవలేక ఆవిడ చెయ్యి పట్టుకుంది, ఆ చెయ్యి గట్టిగా ఉంది, మంచం పక్కన వాకరు ఉంది, దాని పిడులకి చుట్టిన గుడ్డ అప్పుడే నల్లబడిపోయి ఉంది, రోజూ ఎంత తిరిగితే అలా నల్లబడాలి అని అప్పుడు తట్టలేదు, ఇప్పుడు తడుతోంది.

ఐదుకి మూడు నిమిషాలు, లోపల మణికుమార్ వంటింటి వైపు నుంచి వచ్చి ఊచల్లోంచి కనుబొమలెగరేశాడు, ఏదీ అన్నట్టు, బుల్లెమ్మ చేతులు తిప్పింది, ఇదిగో, ఇప్పుడే, అన్నట్టు, అంతలో ఆటో చప్పుడు, సందులోంచి కాదు, రోడ్డు మీంచే, తిన్నగా ముందు గేటుకే వచ్చి పనసచెట్టు దగ్గర ఆగింది, ఓరి మల్లేశూ, నీ బుర్రలో మట్టుందా, ఎనక్కి పొమ్మన్నానా లేదా, అని బుల్లెమ్మ పరిగెత్తింది, నేనేం చేసేది అక్కా, పెద్దమ్మ కొట్టేలా ఉంది, ముందుకే పోనీమంది, అన్నాడు మల్లేశు, వెనక సీట్లో తాతమ్మ, బక్కచిక్కిపోయింది, జుట్టు నున్నగా దువ్వుకుని ముడేసుకుంది, చీర మోకాలికి పైకి దోపుకుంది, దాచాల్సిన చోట దాచలేదు, తెల్లటి కట్టు ఊరందరికీ కనపడుతోంది, అప్పా, చీర దించు, మాటాడకు, మణికుమార్‌ని బతిమాలినాను, వంటింటి తలుపు తీసుంచినాడు, ఎవులూ చూడరు, రా, నా వీపెక్కు, అని బుల్లెమ్మ ఆయాసపడుతూ వంగింది, తాతమ్మ ఎక్కలేదు, నా చెప్పు ఎక్కడెట్టినావు, అని అడిగింది, వరసలోనే ఉందప్పా, కానీ, అంది బుల్లెమ్మ, మరి వరసలో చెప్పెట్టి వంటింట్లోంచి దూరేదేటే, నాను దొంగనా, అంది తాతమ్మ, నాలుగో రూలుందప్పా, తిప్పంపేస్తారు, ఎక్కడ పడుకుంటావు, బుల్లెమ్మకి ఏడుపొచ్చేసింది, నాలుగోది నీకు నేర్పింది నానే కదే, తప్పుకో, చేతులెనక్కెట్టుకో.

వాకరు నాలుగు కాళ్ళూ ముందు తడి నేల మీద దిగాయి, తరవాత కుడికాలు, చెప్పుతో, ఇక అక్కణ్ణుంచి వరస దాకా పన్నెండు అడుగులుంటాయేమో, రోజూ కళ్ళు మూసుకుని నడిచే పన్నెండు అడుగులు, వాకరు ఎత్తి ముందుకు పెట్టడం, ఒక గెంతు, ఆగడం, ఊపిరి, మళ్ళీ ఎత్తడం, వాన జోరందుకుంటోంది, జారుతుందేమో, పడుతుందేమో, బుల్లెమ్మ చేతులు వాటంతట అవే ముందుకు వస్తున్నాయి, వాటిని ఒకదాన్నొకటి వెనకాల పట్టుకుని బిగించింది, చేపల కత్తికి తెగిన వేళ్ళు మండుతున్నాయి, ఐదు, ఆరు, వరసలో మిగతావాళ్ళందరూ తిరిగి చూస్తున్నారు, ఏడు, ఎనిమిది దగ్గర వాకరు కాలు ఒక గుంటలో దిగి ఒరిగింది, అమ్మో అని ఎవరో అన్నారు, తాతమ్మ పళ్ళు బిగబట్టి దాన్ని లాగింది, తొమ్మిది, పది, గేటు తలుపు గడియ తీసిన చప్పుడైంది, పన్నెండో గెంతుకి తాతమ్మ మూడో నంబరు వెనక, ఖాళీలో, తన స్థలంలోకి వచ్చి ఆగింది, ఆగి కిందికి చూసింది, నీలం పట్టీ చెప్పు వానలో తడుస్తూ ఉంది, దాని పక్కన వేలాడే కట్టు, దాని పక్కన కుడికాలి నీలం చెప్పు, బుల్లెమ్మ ఆ ముఖం వంక చూడలేక చూసింది, ఎంత మాసిపోయిందే ఇది, కడగలేదేటే, అంది తాతమ్మ.

ఒకటి, రెండు, మూడు అయిపోయాయి, నాలుగు అన్నాడు మణికుమార్ రిజిస్టరులోంచి తలెత్తకుండా, ఎవరి చెప్పు వాళ్ళే తీసుకుని గేటు దగ్గర చూపించాలి, ఇంకొకరు ముట్టుకోకూడదు, వాకరు వదిలి వంగితే తాతమ్మ పడిపోతుంది, తనే వంగి అందిద్దామా, అందిస్తే బేబీరాణి అరుస్తుంది, అరిస్తే అరవనీ అనుకునేలోపు తాతమ్మ వాకరు ముందుకాలితో ఆ చెప్పుని మెల్లగా నెట్టింది, ఒక నెట్టు, ఒక గెంతు, ఇంకో నెట్టు, పిల్లలు తొక్కుడుబిళ్ళ ఆడినట్టు, నీలం చెప్పు గేటు గడప దాకా జారుకుంటూ వెళ్ళి మణికుమార్ బూటు ముందు ఆగింది, అప్పుడు తలెత్తి చూశాడు వాడు, చూసి వంటింటి వైపు చూశాడు, బుల్లెమ్మ వైపు చూశాడు, వాడి ముఖంలో రంగు పోయింది, జోడీ చూడు బాబూ, అంది తాతమ్మ, నాను వంగలేను, నువ్వే చూసుకోవాల. వాడు రిజిస్టరు చంకలో పెట్టుకున్నాడు, వానలో మోకాళ్ళ మీద కూర్చున్నాడు, ఎడమ చెప్పు తిప్పి చూశాడు, కింద తెగిన పట్టీకి దూర్చిన పిన్నీసు ఉంది, కుడికాలి చెప్పు వంక తల వంచి చూశాడు, తాతమ్మ వాకరు మీద బరువేసి కాలు కాస్త పైకెత్తింది, దాని కిందా అదే పిన్నీసు, మూడున్నరకి తను ఇదే గడప దగ్గర ఈ కుర్రాడి కాళ్ళు పట్టుకుంది, ఇప్పుడు వాడు అప్ప కాలి ముందు వంగి ఉన్నాడు, ఎవరూ బతిమాలలేదు, ఎవరూ మొక్కలేదు, అది వాడి పని, అంతే.

జోడీ బరాబర్, అన్నాడు మణికుమార్ లేస్తూ, అమ్మా, కానీ నాలుగో రూల్, అని బోర్డు వైపు వేలు ఎత్తాడు, నాకు చదవక్కర్లేదు నాయనా, సొంతంగా నడిచి రావాల, నడిచొచ్చినానా లేదా, నువ్వు చూడకపోతే ఈ పన్నెండు మందినీ అడుగు, అంది తాతమ్మ, లోపల పనులు, బాత్‌రూమ్, అని వాడు నసిగాడు, నలభై రోజులుగా నానే పోతన్నాను, చూస్తానంటే పద, అంది, వరసంతా గొల్లున నవ్వింది, మరి రేపు మేడమ్ అడిగితే, అన్నాడు వాడు, గొంతులో నిజంగానే భయం ఉంది, నన్ను పిలు, మేడమ్ ముందు కూడా నడుస్తాను, స్టోర్‌రూమ్‌లో మాత్రం నక్కను, అంది తాతమ్మ, స్టోర్‌రూమ్ సంగతి ఆవిడకెలా తెలుసని బుల్లెమ్మ మల్లేశు వైపు చూస్తే వాడు ఆకాశం వైపు చూశాడు, మణికుమార్ ఇంకా కలం పట్టుకుని నిలబడ్డాడు, రాస్తాడా, తిప్పి పంపుతాడా, వాన చెవుల్లో హోరుమంటోంది, అప్పుడు వెనక నుంచి బేబీరాణి, అరే జల్దీ కరో నా, నాలుగో నంబరు, కబుర్లు లోపల చెప్పుకో, మేం తడిసిపోతున్నాం ఇక్కడ, అని విసుక్కుంది, ఎవరి మీదైనా విసుక్కున్నట్టే, నిన్న తన మీద విసుక్కున్నట్టే, చీ, దీని నోరు పడ, ఒంటికాలి మనిషి మీదా, అని బుల్లెమ్మ కోపంగా తిరగబోయి తాతమ్మ ముఖం చూసి ఆగిపోయింది, అప్ప నవ్వుతోంది, పళ్ళన్నీ కనపడేలా, అయ్యో పాపం అన్న మాట ఆసుపత్రిలో నలభై రోజులు తిన్న మనిషికి ఆ విసుగు ఎంత రుచిగా ఉందో ఆ నవ్వులో తెలిసిపోతోంది, ఒస్తన్నాను ఆగవే, అని అరిచి, మణికుమార్ చేతిలో కలం లాక్కుని, రిజిస్టరులో నాలుగో గీత మీద గుండ్రంగా పేరు రాసింది, వేలిముద్ర కాదు, పేరు, వాడు దాని పక్కన టిక్కు పెట్టాడు, వాకరు గడప దాటింది, ఒక గెంతు, ఇంకో గెంతు.

పాంచ్, అని పిలుపు వినపడింది, బుల్లెమ్మ తన ఎర్ర చెప్పు తీసుకుని ముందుకు వెళ్ళింది, అలవాటుగా రెండు చేతులూ పైకి లేచాయి, సగంలో ఆగాయి, ఒక చేతిలో చెప్పుంది, చెప్పు పట్టుకుని దండం ఎలా పెడతాం, అయినా మూడేళ్ళుగా ఇలాగే పెట్టింది కదా, మరి ఇవాళ చెయ్యి ఎందుకు ఆగింది, పొద్దున పదింటి దాకా చేపలు కోసి, మధ్యాహ్నం ఎండలో చెప్పు పెట్టి, ఒంటిచెప్పుతో ఊరంతా తిరిగి, నలుగురి వెనక ఐదోదానిగా నిలబడి వచ్చింది, ఈ మంచం ఎవరో పెట్టిన భిక్ష అని ఎవరు చెప్పారు తనకి, ఎవరూ చెప్పలేదు, తనే అనుకుంది, అనుకుని అప్పని కూడా భిక్షగా వెనక తలుపులోంచి తోసెయ్యబోయింది, అమ్మో, ఎంత పని చెయ్యబోయింది, చెయ్యి కిందికి దిగింది, మణికుమార్ ముక్కు ముందుకు తెచ్చి ఊపిరి బిగబట్టి తల తిప్పబోతుంటే బుల్లెమ్మ తల దించలేదు, చేపల వాసన బాబూ, సారా కాదు, సరిగా చూసి రాసుకో, అంది, వాడు తెల్లబోయి, చూసి, రాసుకున్నాడు, బుల్లెమ్మ తడిసిన ఎర్ర చెప్పుని కాలి చెప్పు పక్కన గడప మీద పెట్టింది, జోడీ కుదిరింది, ఇది నా నంబరు, అనుకుంది, నెత్తెత్తి లోపలికి నడిచింది.